శభాష్ అనే యంత్రం

మదనపల్లె ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగానికి నన్ను ఇన్‌చార్జిగా వేసిన మూడో ఏడు అది. కరోనా గోల సద్దుమణిగి, ఓపీలో జనం మళ్లీ ఒకరినొకరు తోసుకోవడం మొదలుపెట్టారు. ఉగాది దాటి ఎండలు ముదురుతున్న రోజుల్లో సూపరింటెండెంట్ గారు నన్ను పిలిపించారు. బెంగళూరు నుంచి ఒక కంపెనీవాళ్లు వీడియో గేమ్ తెస్తారనీ, దాన్ని నా గదిలో పెట్టించుకుని రోగుల చేత ఆడించాలనీ చెప్పారు. నేను సరిగా వినలేదేమోనని మళ్లీ అడిగాను. ఆయనకూ అనుమానం వచ్చినట్టుంది, బల్ల మీది కాగితం తీసి చదివి చూశారు. అందులోనూ వీడియో గేమ్ అనే ఉంది.

ఇన్‌చార్జి అంటే పెద్ద హోదా అనుకునేరు. విభాగంలో ఉన్నది నేనూ, తలుపు తీసే అటెండరూ. అంటే నేను ఆయనకు ఇన్‌చార్జిని. ఆయన వయసులో నాకన్నా పెద్దవాడు కనుక ఆ సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు.

మా పనిని ఇక్కడి జనం 'కరెంటు పెట్టడం' అంటారు. కండరాలకు సన్నగా కరెంటు తగిలించే పెట్టె ఒకటి మా గదిలో ఉంటుంది. దానికి గిరాకీ ఎక్కువ. రోగి పడుకుంటే చాలు, పనంతా పెట్టె చేస్తుందని వాళ్ల నమ్మకం. నిజానికి పక్షవాతం వచ్చిన చెయ్యి తిరిగి రావాలంటే రోగే కదపాలి. ఒకే కదలికను రోజూ, వందలసార్లు, మెదడుకు మళ్లీ అలవాటయ్యేదాకా చేయాలి. మొదటి కొన్ని నెలల్లో వచ్చినంత ఫలితం తర్వాత రాదు. సరిగ్గా ఆ నెలల్లోనే రోగికి విసుగు పుడుతుంది. గోడ మీద వేళ్లు పాకించమంటాం, గ్లాసు ఎత్తి దించమంటాం, ఎత్తిన గ్లాసునే మళ్లీ ఎత్తమంటాం. వారం తిరిగేసరికి రోగి రాడు. అడిగితే ఊళ్లో పెళ్లి అంటాడు. నా సర్వీసులో విన్నన్ని పెళ్లిళ్లు నిజంగా జరిగి ఉంటే ఈ జిల్లాలో బ్రహ్మచారి మిగిలి ఉండేవాడు కాదు.

కంపెనీవాళ్ల ఆలోచన ఈ విసుగు గురించే. ఆటైతే మానరు కదా అన్నది వాళ్ల లెక్క.

యంత్రంతో పాటు దివ్య అనే ఇంజనీరు వచ్చింది. ముప్పై దాటిన అమ్మాయి, సొంతూరు కుప్పం. మొదటి రోజు నన్ను మేడమ్ అంది, రెండో రోజు నుంచి అక్కా అంది. అంతకుముందు ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేసే కంపెనీలో పనిచేసిందట. జనం ఏ చోట ఆట ఆపి ఫోను పక్కన పడేస్తున్నారో కనిపెట్టడం అక్కడ ఆమె ఉద్యోగం. అట్లాంటి ఉద్యోగం కూడా ఒకటుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

యంత్రమంటే ఒక పెద్ద టీవీ, దాని నెత్తిన ఒక కెమెరా, చేతిలో పట్టుకోవడానికి మెత్తని రబ్బరు బంతి. చెయ్యి ఎంత లేచిందో కెమెరా చూస్తుంది. బంతిని ఎంత గట్టిగా నొక్కామో బంతే చెబుతుంది. తెర మీద ఆకాశం నుంచి యాపిల్ పళ్లు మెల్లగా దిగుతుంటాయి. రోగి చెయ్యి కదిపితే కింద బుట్ట కదులుతుంది, పండు బుట్టలో పడుతుంది. పడగానే వార్తలు చదివే గొంతుతో ఒక ఆడమనిషి "శభాష్! అద్భుతం!" అంటుంది. ఈ ఆట ఆడిన మొదటివాళ్లలో ఇద్దరి గురించే ఇక్కడ చెబుతాను.

ఒకరు రెడ్డెప్ప. మదనపల్లె టమోటా యార్డులో మండీ నడిపేవాడు, ఇల్లు పుంగనూరులో. రైతు తెచ్చిన సరుకుకు వేలం పాట పాడడం ఆయన పని. క్రేటులోంచి ఒక కాయ కుడిచేత్తో తీసి, బొటనవేలితో ఒత్తి చూపించి, అరుపు అందుకుంటే యార్డు అవతలి చివరిదాకా వినిపించేదట. శివరాత్రి ముందు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట మాత్రం పోలేదు. దాన్ని డాక్టర్లు అదృష్టమన్నారు గానీ ఇంట్లోవాళ్లు అనలేదు.

రెండో మనిషి జమీలాబీ. ఊళ్లో జాకెట్లు కుట్టే టైలరు. ఆమెకు భుజం పట్టేసింది, మా భాషలో ఫ్రోజెన్ షోల్డర్. చెయ్యి పైకి లేవదు, లేపితే ప్రాణం పోతుంది, లేపకపోతే ఇంకా బిగుసుకుంటుంది. మిషను తొక్కగలదు గానీ పై అరలోంచి దారపు ఉండ తీసుకోలేదు.

జమీలాబీ మర్యాదస్తురాలు. యాపిల్ ఆట మొత్తం ఆడి, పవిట సర్దుకుని, "బాగుంది మేడమ్. మా మనవడికి మూడేళ్లు. వాణ్ణి పిల్చుకొచ్చేదా?" అని అడిగింది.

రెడ్డెప్పకు అంత మర్యాద లేదు. కాసేపు ఆడాక చేతిని ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ఒక యాపిల్ వచ్చి, బుట్ట ఉన్నచోటే పడింది. యంత్రం శభాష్ అంది. ఇంకోటి పక్కన పడింది. అప్పుడూ "పర్వాలేదు, అద్భుతమైన ప్రయత్నం!" అంది.

"ఏమ్మా, నేను సెయ్యే ఎత్తలే. అయినా అద్భుతం అంటాండాదే! ఇది యంత్రమా, మా సిన్నల్లుడా?" అని లేచి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఫోను చేస్తే పెళ్లన్నారు.

పుంగనూరులో నాకు వారానికొకరోజు క్యాంపు ఉండేది. క్యాంపు అంటే ఒక బల్ల, ఒక చాప, గది నిండా మోకాళ్ల నొప్పులు. అది అయ్యాక రెడ్డెప్ప ఇంటికి వెళ్లాను. రోగి ఇంటికి వెళ్లాలన్న రూలు లేదు గానీ, కాలం దాటిపోతోందన్న సంగతి ఆయనకు తెలియదు, నాకు తెలుసు. ఆయన భార్య రాజమ్మ నన్ను లోపలికి పిలిచి, కాఫీ ఇవ్వకముందే ఫిర్యాదు మొదలుపెట్టింది.

"పొద్దస్తమానం ఇంట్లోనే ఉండాడు మేడమ్. ఊరికే ఉండలేక మంచము, బీరువా, గ్రైండరు అన్నీ పాట పాడేసినాడు. నిన్న నన్ను కూడా పాడినాడు. కొనేవాళ్లు లేక ఈడనే ఉండాం."

రెడ్డెప్ప గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఎక్సర్‌సైజు ఎందుకు మానేశారని అడిగాను. పడిపోయిన చేతిని ఎడమచేత్తో ఒళ్లోకి లాక్కున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అది అంత మెచ్చుకుంటాంటే నాకు బయమేస్తాండాది మేడమ్. బాగయ్యేవాణ్ణి ఎవరన్నా అంతగా మెచ్చుకుంటారా? ఇంక వీడికి సెయ్యి రాదని తెల్సినోళ్లే అట్లా మెచ్చుకుంటారు."

ఇరవై ఏళ్లకు పైగా రోగులకు 'వెరీ గుడ్' చెప్పినదాన్ని. కాఫీ తాగి వచ్చేశాను.

బస్సులోంచే దివ్యకు ఫోను చేసి జరిగింది చెప్పాను. ఆమె బాధపడలేదు, వాదించలేదు. "ఆయన ఎన్నో యాపిల్ దగ్గర లేచిపోయినాడక్కా?" అని అడిగింది. నేను లెక్కపెట్టలేదన్నాను. "అట్లయితే నేనే వచ్చి సూస్తా" అంది.

వచ్చేటప్పుడు ఆటను మార్చి తెచ్చింది. శభాష్ తీసేసింది. పళ్లు వేగంగా పడేట్టు చేసింది. పండు జారితే 'బయ్య్'మని మోత. ఎవరన్నా చెబితే ఆ అమ్మాయి వింటుందని సంతోషించాను గానీ, విన్నది మరీ ఎక్కువైందని ఒక్క పూటలోనే తేలిపోయింది. నిమ్మనపల్లె నుంచి వచ్చే ఒక పెద్దాయన మూడు మోతలు విని, తనకు గుండె కూడా బలహీనమని చెప్పి వెళ్లిపోయాడు. జమీలాబీ రెండో మోతకే బంతి కింద పెట్టేసి, "నాకు అత్తగారు ఇంట్లోనే ఉంది మేడమ్" అంది.

ఆ మధ్యాహ్నమే సూపరింటెండెంట్ గారు రౌండ్స్‌లో భాగంగా మా గదికి వచ్చారు. ఆయన సర్జన్. చెయ్యి వణకదని ఊరంతా పేరు. రోగులు చూస్తుండగా కుర్చీలో కూర్చుని, కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టారు. బయ్య్. కొంచెం ముందుకు జరిగారు. బయ్య్. కోటు విప్పి అటెండరుకిచ్చారు. బయ్య్, బయ్య్. అటెండరు మొహం కోటు వెనక పెట్టుకున్నాడు. సూపరింటెండెంట్ గారు లేచి, కెమెరా వంకరగా ఉందని చెప్పి, ఆసుపత్రి సైలెన్స్ జోన్ కాబట్టి ఆ మోత తక్షణం ఆపాలని నోటిమాటగా ఉత్తర్వు ఇచ్చి వెళ్లారు. సాయంత్రం అదే ఉత్తర్వు కాగితం మీద కూడా వచ్చింది.

దివ్య ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి బ్యాగులో పెట్టుకుంది. "ఆట వదిలేసే చోట్లు రెండక్కా. ఏం చేసినా గెలిచేది ఒకటి, ఏం చేసినా ఓడేది ఒకటి. ఈ రెండింటి మధ్య సందు శానా సన్నం. అది ఒక్కో మనిసికి ఒక్కో తావున ఉంటాది. రెండు ఆటల్లోనూ నేను సందు దాటి పోయినా" అంది.

తర్వాత కొన్ని రోజులు ఆమె కోడ్ రాయలేదు. నా గదిలో మూలన స్టూలు వేసుకుని రోగుల మొహాలు చూస్తూ కూర్చుంది. ఒకరోజు యార్డు చూపించమంటే వెంట తీసుకెళ్లాను. గుట్టలుగా క్రేట్లు, లారీలు, అరుపులు. రెడ్డెప్ప లేని మండీలో ఆయన తమ్ముడు పాట పాడుతున్నాడు. గొంతు చాలడం లేదు. దివ్య అరుపులు వినలేదు, కాయను ఒత్తి చూస్తున్న వేళ్లనే చూసింది. గట్టిగా ఒత్తితే పగులుతుంది, మెల్లగా పట్టుకుంటే జారుతుంది. "ఇదే కదక్కా మీరు ఆ బంతితో చేయించేది!" అంది. అవును, అదే. చేతి పట్టు తిరిగి రావడమంటే బలం రావడం ఒక్కటే కాదు. ఎంత బలం పెట్టాలో మళ్లీ తెలియడం. పక్షవాతం తగ్గేటప్పుడు ఆ రెండోదే ఆలస్యంగా వస్తుంది.

మూడోసారి వచ్చిన ఆటలో టమోటాలున్నాయి. తెర మీద యార్డు. కాయ దొర్లుకుంటూ వస్తుంది. చెయ్యి చాచి అందుకోవాలి, బంతిని తగినంత నొక్కి పట్టుకోవాలి, క్రేటులో పెట్టాలి. తక్కువ నొక్కితే జారి దొర్లిపోతుంది. ఎక్కువ నొక్కితే పగిలి రసం తెరంతా చిందుతుంది. రోగి ఎంతవరకు చేయగలిగితే అంతకన్నా కొంచెమే కష్టంగా ఆట తనను తాను మార్చుకుంటుంది. పొగడ్తలు లేవు, మోతలు లేవు. చెడినప్పుడు ఎందుకు చెడిందో మాత్రం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. జమీలాబీకి భుజం లేవాలి గనుక ఆమె ఆటలో క్రేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చాలి, వరస పైకి పోయేకొద్దీ చెయ్యి పైకి పోవాలి.

రాజమ్మ బతిమాలి బస్సెక్కిస్తే రెడ్డెప్ప వచ్చాడు. యార్డు బొమ్మ చూసి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. మొదటి కాయ జారింది. రెండోది కసిగా పట్టాడు. తెరంతా ఎర్రబడింది. ఆయన తెరవైపు చూశాడు, చేతిలో బంతివైపు చూశాడు, గట్టిగా నవ్వేశాడు.

"పిసికేస్తినే!" అన్నాడు.

ఆ మాటలో బాధ లేదు. పడిపోయిన చెయ్యి ఒక కాయను పిసికేయగలిగిందన్న సంగతి అర్థమైన గొంతు అది. మూడో కాయ అందుకున్నాడు. అదీ పగిలింది. మళ్లీ నవ్వాడు. యాపిల్ ఆట ఆయన్ని ఒక్కసారీ ఓడనివ్వలేదు, ఆయన ఒక్కసారీ నవ్వలేదు. ఈ ఆటలో ఆ పూటంతా ఓడుతూనే ఉన్నాడు, కుర్చీ వదలలేదు.

పక్క కుర్చీలో తన వంతు కోసం కూర్చున్న జమీలాబీ, "క్యా రెడ్డెప్పన్నా, యార్డులో కూడా ఇట్లనే పిసుకుతావా? అందుకేనా మాకు మెత్తటివి వస్తాండేది?" అంది.

"నువ్వు పేర్చి సూపీమ్మా, సూస్తా" అన్నాడాయన.

ఆమె పేర్చింది. అంతవరకు భుజం నొప్పని నా ప్రాణం తీసిన మనిషి, మండీవాళ్లు ఎప్పుడూ మంచివి పైనా చెడ్డవి అడుగునా పెడతారని రెడ్డెప్పకు ఉపన్యాసం ఇస్తూ, కళ్లలో నీళ్లతోనే నాలుగో వరసదాకా చెయ్యి ఎత్తింది. గోనియోమీటర్ అని కీలు ఎంత తిరుగుతుందో కొలిచే స్కేలు ఒకటి మా దగ్గర ఉంటుంది. ఆ రోజు కొలత చూసి, స్కేలు తప్పుందేమోనని ఇంకోసారి పెట్టి చూశాను.

అప్పటి నుంచి నాకు కొత్త తలనొప్పులు మొదలయ్యాయి. మొదటిది మోసం. రెడ్డెప్ప తువ్వాలు కింద ఎడమచెయ్యి దాచి, దాంతో బంతి నొక్కేవాడు. జమీలాబీ భుజం లేపాల్సిన చోట నడుం వంచి, ఒళ్లంతా పక్కకు వాల్చి చెయ్యి పైకి పోయినట్టు కెమెరాను నమ్మించేది. ఒక కీలు చేయాల్సిన పని ఇంకొకటి చేయడాన్ని మా శాస్త్రంలో కాంపెన్సేషన్ అంటారు. నేను రోగులతో దొంగ కదలిక అంటాను. పట్టుకుని తిట్టాను. రెడ్డెప్ప ఎడమచేతిని జేబులో పెట్టించాను. జమీలాబీని కుర్చీ వీపుకు పవిట కొంగుతో కట్టించాను. దివ్యకు ఫోనులో ఫిర్యాదు చేస్తే ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. "మోసం చేస్తాండారా? నిజంగానా? యాపిల్ ఆటలో ఎవరన్నా చేసినారా అక్కా?" అంది. ఆలోచిస్తే ఎవరూ చేయలేదు. గెలిచినా ఓడినా ఒకటే అయిన చోట మోసం చేయాల్సిన అగత్యం ఎవరికుంటుంది?

రెండో తలనొప్పి అసలైనది. రెడ్డెప్ప పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి, నేను రాకముందే అటెండరును మాటల్లో పెట్టి ఆడేసేవాడు. మళ్లీ నా ముందు ఆడేవాడు. మళ్లీ జమీలాబీ రాని రోజు ఆమె వంతు కూడా ఆడేవాడు. కొన్నాళ్లకు భుజం వాచింది. బలహీనమైన భుజాన్ని అతిగా వాడితే కీలు జారే ప్రమాదం ఉంది. గదికి తాళం వేసి తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను. ఎక్సర్‌సైజు చేయడం లేదని రోగుల మీద అరిచిన నేను, చేస్తున్నాడని ఒక రోగి మీద అరవడం అదే మొదటిసారి. ఆయన వరండాలో నిలబడి వేలం పాట గొంతుతో నా మీద సూపరింటెండెంట్‌కు ఫిర్యాదు చేశాడు. ఓపీ మొత్తానికి వినిపించింది.

దివ్య దీనికీ ఒక దారి చూసింది. ఆటలో లారీ పెట్టింది. లోడు నిండగానే లారీ హారన్ కొట్టి చెన్నైకి పోతుంది, యార్డు మూతపడుతుంది. ఆ రోజుకు అంతే. రెడ్డెప్ప తెరముందు నిలబడి, "ఓ డ్రైవరన్నా, ఒక్క క్రేటు ఉండాది, ఆగప్పా" అని బతిమాలడం నేను చెవులారా విన్నాను. లారీ ఆగలేదు. ఆయన ఇంటికి పోయాడు, పోతూ పోతూ ఆ చివరి కాయను ఎక్కడ తప్పు పట్టుకున్నాడో అటెండరుకు వివరించాడు. మర్నాడు ఆ తప్పు చేయలేదు. కొత్తది చేశాడు.

వానలు మొదలయ్యాక కుప్పంలో ప్రదర్శన పెట్టారు. ఆరోగ్య శాఖ పై అధికారి ఒకాయన వచ్చి చూసి, యంత్రాన్ని మా ఆసుపత్రిలో ఉంచాలో పంపేయాలో రాయాలి. మదనపల్లె నుంచి ఆసుపత్రి వ్యానులో నేను, జమీలాబీ బయలుదేరాం. పుంగనూరులో రెడ్డెప్ప ఎక్కాడు. జమీలాబీకని ఒక సంచి టమోటాలు తెచ్చాడు. ఆమె సంచిని వ్యాను సీటు మీద బోర్లించి అడుగున ఉన్నవన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఒక్కటీ చెడ్డది లేదు. పలమనేరు దాటేదాకా ఆమె మొహంలో అనుమానం పోలేదు.

కుప్పంలో హాలు నిండింది. కంపెనీ మేనేజరు బెంగళూరు నుంచి వచ్చాడు. ఇస్త్రీ నలగని మనిషి. పెద్దవాళ్ల ముందు రోగి ఓడితే యంత్రం ఓడినట్టు ఉంటుందని ఆయన భయం. డెమో మోడ్ పెట్టమని దివ్యకు చెప్పాడు. అందులో ఎవరు ఆడినా గెలుస్తారు. దివ్య వద్దంది. ఆయన ఆమె ఉద్యోగం మాట ఎత్తి పెట్టించాడు. ఇదంతా నాకు ఆమె తర్వాత చెప్పింది. అప్పటికి ఆమె మొహం మాత్రమే కనిపించింది, అది బాగాలేదు.

రెడ్డెప్పను పిలిచారు. అధికారి ముందు వరసలో కూర్చున్నారు. మొదటి కాయ క్రేటులో పడింది. రెండోది పడింది. మూడోది, నాలుగోది పడ్డాయి. చప్పట్లు. రెడ్డెప్ప ముఖం చిట్లించాడు. బంతిని బలంగా పిసికాడు. కాయ పగలకుండా పోయి క్రేటులో కూర్చుంది. బంతిని ఒళ్లో పెట్టేసి చేతులు కట్టుకున్నాడు. ఇంకో కాయ తనంతట తానే లేచి క్రేటులోకి వెళ్లింది. మళ్లీ చప్పట్లు.

"సార్," అన్నాడు రెడ్డెప్ప అధికారి వైపు తిరిగి, "నేను సెయ్యి కదపలే. టమోటా దానంతట అదే క్రేటులోకి పోతాండాది. మా యార్డులో ఇట్లా అయితే పోలీసులొస్తారు."

హాలు ఘొల్లుమంది. మేనేజరు చిన్న సాంకేతిక లోపమని ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. రెడ్డెప్ప ఆయన్ని చూడలేదు. "దివ్యమ్మా, మన ఆట పెట్టు తల్లీ. నేను ఓడినా ఫర్వాలే. ఈ గెలుపు నాది కాదు" అన్నాడు.

దివ్య మేనేజరు వైపు ఒకసారి చూసింది. తర్వాత కీబోర్డు దగ్గరికి వెళ్లి ఏదో నొక్కింది. ఆ కొద్దిసేపట్లో ఆమె ఏం పణంగా పెట్టిందో హాల్లో మేనేజరుకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు కూడా అప్పటికి తెలియదు.

ఈసారి మొదటి కాయే పగిలింది. వెనక వరసల్లోంచి అయ్యో అన్నారు. రెడ్డెప్ప నవ్వి బంతి సర్దుకున్నాడు. జమీలాబీ పక్క కుర్చీలోకి వచ్చి కూర్చుంది. పిలవకుండానే వచ్చింది. దివ్య ఆమెకు రెండో బంతి ఇచ్చి ఇద్దరాడే ఆట పెట్టింది. ఇద్దరూ ఒకే లారీకి లోడు ఎత్తే పోటీ అది. హాలు రెండు పార్టీలుగా చీలిపోయింది. ఆడవాళ్లంతా ఆమె వైపు. ఆయన మెల్లగా, బొటనవేలు ఒత్తి, పగలనీయకుండా పెడుతున్నాడు. ఆమె నడుం వంచకుండా, పళ్లు బిగించి పై వరస అందుకుంటోంది. ఒక్క క్రేటు తేడాతో ఆమె గెలిచింది. లారీ హారన్ కొట్టి వెళ్లిపోయింది.

"పైనుంచి కింది దాకా అన్నీ మంచివే పెట్టినా, సూస్కో" అంది జమీలాబీ.

"ఇంకొక్క లారీ!" అన్నాడు రెడ్డెప్ప, అధికారికి చెయ్యెత్తి. ఎత్తింది కుడిచెయ్యి అని తనే గమనించలేదు. నేను గమనించాను.

అధికారి లేచి వచ్చారు. ఊరికే చూస్తానని బంతి తీసుకున్నారు. మొదటిది పగిలింది. రెండోది జారింది. మూడోదానికి కుర్చీలో కూర్చున్నారు. పక్కనే నిలబడ్డ గుమాస్తా భోజనాలు చల్లారుతున్నాయని రెండుసార్లు చెప్పాడు, ఆయన వినలేదు. ఎట్లా పట్టుకోవాలో రెడ్డెప్ప చెబుతున్నాడు, అది తప్పని జమీలాబీ చెబుతోంది. లారీ వెళ్లిపోయేదాకా ఆయన లేవలేదు. వెళ్లిపోయాక మేనేజరును పిలిచి, అది మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగారు.

యంత్రం మా ఆసుపత్రిలోనే ఉండాలని రాశారు. డెమో మోడ్ తీసేయాలనీ, ఉద్యోగులు పనివేళల్లో ఆడరాదనీ కూడా రాశారు. రెండో షరతు ఎవరి గురించో కాగితంలో లేదు. మేనేజరు దివ్యతో కొంతకాలం మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు. మిషను కుట్టేవాళ్ల చేతుల కోసం ఇంకో ఆట తయారుచేయమన్నాడు. దానికి సలహాదారుగా జమీలాబీ వెళ్లి, బొమ్మలో సూది తప్పుగా ఉందని మొదటి రోజే పని ఆపించింది. ఆమె భుజం పట్టు పూర్తిగా విడిచింది.

రెడ్డెప్ప చెయ్యి పూర్తిగా రాలేదు. చొక్కా గుండీలు రాజమ్మే పెడుతుంది. సంతకం పక్కకు పోతుంది. కానీ యార్డుకు వెళుతున్నాడు, కాయను కుడిచేత్తోనే తీసి చూపించి పాట పాడుతున్నాడు. నేను చూడబోయిన రోజు రెండు కాయలు పగిలాయి. రైతు నొచ్చుకుంటే వాటి డబ్బు తన ఖాతాలో రాయించాడు.

ఆటల గురించి నాకు తెలిసింది ఇంతే. ఓడే వీలుండాలి. ఓడింది ఎందుకో ఆడేవాడికి కనబడాలి. మళ్లీ పట్టుకుంటే కుదురుతుందేమో అనిపించాలి. ఓటమి కూడా చూడబుద్ధయ్యేట్టు ఉండాలి. పక్కన వెక్కిరించే మనిషి ఉంటే మంచిది. ఏదో ఒక చోట ఆట తనంతట తాను ఆగి, మనిషిని ఇంటికి పంపించాలి. కుప్పం నుంచి వచ్చాక, రిటైరయ్యేదాకా, నా గదిలో కొలత పెరగకుండా 'వెరీ గుడ్' అనలేదు. కొలత పెరిగితే ఎంత పెరిగిందో చెప్పాను, పెరగకపోతే అదే చెప్పాను. కొందరు రోగులు నన్ను గయ్యాళి అన్నారు. పెళ్లిళ్లు మాత్రం బాగా తగ్గాయి.